హై ఫ్రేమ్ రేట్ సినిమాను హాల్లో ఎలా చూడాలి: గోదావరి డెల్టా ప్రేక్షకులకు సమగ్ర మార్గదర్శి

ఏ హాల్లో సౌండు బాగుంటుందో, ఏ హాల్లో బాల్కనీ స్తంభం తెరకు అడ్డొస్తుందో భీమవరంలోనైనా అమలాపురంలోనైనా ఎవరిని అడిగినా చెబుతారు. సినిమా చూడటంలో గోదావరి జిల్లాల వాళ్ల పట్టింపు అలాంటిది. ఆ పట్టింపులోకి ఇంకా రాని విషయం ఒకటుంది, ఫ్రేమ్ రేట్. అంటే తెరపై సెకనుకు ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) పడతాయన్న లెక్క. మామూలు 24 కన్నా ఎక్కువైతే అది హై ఫ్రేమ్ రేట్. 2022 డిసెంబరులో వచ్చిన ‘అవతార్: ది వే ఆఫ్ వాటర్’ లాంటి సినిమా ఒక హాల్లో సెకనుకు 48 ఫ్రేములతో ఆడితే, మరో హాల్లో 24 ఫ్రేములతో ఆడవచ్చు. పోస్టరు ఒకటే, 3డీ కళ్లద్దాలూ ఒకటే. చూసినవాళ్లు మాత్రం రెండు వేర్వేరు అనుభవాలతో బయటకు వస్తారు.

తర్వాత ఇంట్లో చూసుకుందాం అనుకోవడానికి ఇది వీలయ్యే సంగతి కాదు. ఆ సినిమా బ్లూ-రే డిస్కుపై ఉన్నది 24 ఫ్రేములే. 48 ఫ్రేములతో తీసిన ‘ది హాబిట్’ మూడు భాగాలూ ఇంటికి 24గానే వచ్చాయి. అందుకే హాల్లో ఆడుతున్న రోజుల్లోనే, సరైన హాలు వెతుక్కుని, కాస్త తయారై వెళ్లాలి. ఆ తయారీ ఏమిటో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: లెక్క అర్థం చేసుకోండి

మూకీల కాలంలో ఒక్కో సినిమా ఒక్కో వేగంతో నడిచేది. టాకీలు వచ్చాక ధ్వని తేడా లేకుండా వినపడాలంటే ఫిల్ము ఒకే వేగంతో కదలాలి. అప్పుడు స్థిరపడిన వేగమే సెకనుకు 24 ఫ్రేములు, అంటే 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ మొదలైనప్పటి నుంచి నేటి వరకు మన సినిమా ఈ లెక్కలోనే ఉంది.

24 చాలు అనిపించే దృశ్యాలు ఎన్నో ఉంటాయి. ఇద్దరు మనుషులు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే 24కు లోటేమీ లేదు. చిక్కంతా వేగంగా అడ్డంగా కదిలే వస్తువుతోనే. తెర వెడల్పు 40 అడుగులు అనుకోండి. ఒక పడవ ఆ అంచు నుంచి ఈ అంచుకు రెండు సెకన్లలో దాటింది. సెకనుకు 24 చొప్పున 48 బొమ్మలు. అంటే ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య పడవ 10 అంగుళాలు గెంతుతుంది. 48 ఫ్రేములైతే గెంతు 5 అంగుళాలే. 24 ఫ్రేముల్లో కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు ఒక వస్తువు తెర దాటడానికి సుమారు ఏడు సెకన్లు పట్టాలని ఛాయాగ్రాహకులు పాటించే నియమం ఈ గెంతు కోసమే పుట్టింది. ఏడు సెకన్లలో దాటితే గెంతు మూడు అంగుళాల లోపు ఉంటుంది, కన్ను సర్దుకుంటుంది.

రీళ్ల కాలపు ఆపరేటర్లకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ప్రొజెక్టర్ షట్టరు రెక్కలు ఒక్కో ఫ్రేమును రెండుసార్లో మూడుసార్లో తెరపై వెలిగించేవి కదా, అప్పుడే 48, 72 అయ్యాయి కదా అని. వెలుగు మినుకుమినుకుమనకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు అది. అదే బొమ్మ అదే చోట మళ్లీ వెలుగుతుంది కాబట్టి గెంతు అలాగే ఉండిపోతుంది. హై ఫ్రేమ్ రేట్‌లో కనిపించేవి నిజంగా కొత్త బొమ్మలు.

ఇంకో పొరపాటు అభిప్రాయాన్ని ఇక్కడే తొలగించాలి, ఎందుకంటే మన దగ్గర ఇది చాలా మందికి ఉంది. హీరో దుమ్ములోంచి నెమ్మదిగా నడిచి వచ్చే దృశ్యాన్ని 48, 96, 120 ఫ్రేములతో తీస్తారు. అది తీసే వేగం మాత్రమే. హాల్లో వేసేది 24తోనే, అందుకే కదలిక నెమ్మదిస్తుంది. హై ఫ్రేమ్ రేట్ సినిమాలో తీసేదీ వేసేదీ రెండూ ఎక్కువ వేగమే. కదలిక మామూలు వేగంతోనే ఉంటుంది, తెగకుండా నునుపుగా సాగుతుంది. ‘120 ఫ్రేముల్లో తీశారట’ అన్న మాట వినగానే హాలుకు పరుగెత్తకుండా, వేసేది ఎంతలో అని అడగండి.

రెండో అడుగు: ముందుగా మీ ఫోనుతో కళ్లకు నేర్పండి

దీనికి టికెట్టు అక్కర్లేదు, ఒక బస్సు ప్రయాణం చాలు. నా దృష్టిలో ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ఉపయోగపడే అడుగు ఇదే. రావులపాలెం నుంచి అమలాపురం వైపు వెళ్లేటప్పుడు కొబ్బరి చెట్లు రోడ్డు పక్కనే వరుసగా ఉన్న చోట కిటికీ సీటులో కూర్చోండి. ఫోను కెమెరాలో వీడియో అమరికలు తెరిచి 30 ఫ్రేములు పెట్టి కాసేపు తీయండి. తర్వాత 60 పెట్టి అలాంటి చోటే మళ్లీ తీయండి. 24 ఎందుకు కాదంటే, చాలా ఫోన్ల తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 30 అందులో సమానంగా ఇముడుతుంది, 24 ఇమడదు. దాంతో లేని వణుకు ఒకటి వచ్చి చేరి, పోల్చడం కష్టమవుతుంది.

తీసే వేళ కూడా ముఖ్యం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోను ఒక్కో ఫ్రేమును సెకనులో వెయ్యో వంతులో తీసేస్తుంది. బొమ్మకు బొమ్మ కత్తితో కోసినట్టు ఉండి గెంతు మరీ ఎక్కువగా తెలుస్తుంది. సినిమా కెమెరా మామూలుగా 24 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేమును సెకనులో 48వ వంతు పాటు తెరిచి ఉంచుతుంది. ఆ కొద్దిపాటి మసకే కదలికను కలుపుతుంది. కాబట్టి పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తీయండి. ప్రో మోడ్ ఉన్న ఫోనైతే 30 ఫ్రేములకు షట్టరు 60వ వంతు, 60 ఫ్రేములకు 120వ వంతు పెట్టుకోండి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన చూడండి. 30లో దగ్గరి కొబ్బరి మానులు ఒక్కోటి రెండు మానులుగా, అంచు విరిగినట్టుగా కనిపిస్తాయి. మీ చూపు ఒక మానును పట్టుకుని వెంబడించబోతే జారిపోతుంది. 60లో అదే మానును చూపుతో పట్టుకోగలరు. దాని మీది అడ్డ గీతలు కూడా తెలుస్తాయి. ఆ తర్వాత చెట్ల వెనక, కాలువకు ఆవలి గట్టున ఉన్న పెంకుటింటిని చూడండి. రెండు వీడియోల్లోనూ అది దాదాపు ఒకేలా ఉంటుంది. దూరపు వస్తువు తెరపై నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి దానికి ఎక్కువ ఫ్రేముల అవసరం రాలేదు. సినిమా హాల్లో మీరు వెతకాల్సిన తేడా అంతా ఈ మానుకూ ఆ ఇంటికీ మధ్య ఉంది.

నీటితో కూడా చూడాలనుకుంటే కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, వెనక ఇంజను నీటిని చిమ్మే చోటును తీయండి. 30లో తెల్లటి నురుగు ముద్దగా కనిపిస్తుంది, 60లో చుక్కలు విడివిడిగా లేస్తాయి. ‘అవతార్’ దర్శకుడు జేమ్స్ కామెరాన్ తన సినిమాలో నీటి దృశ్యాలకు 48 ఫ్రేములు ఎందుకు వాడారో ఆ నురుగే చెబుతుంది.

మూడో అడుగు: ఏ సినిమాకు వెళ్లాలో తేల్చుకోండి

ఎక్కువ ఫ్రేముల ఆలోచన కొత్తది కాదు. 1955లో ‘ఓక్లహోమా!’ను టాడ్-ఏఓ పద్ధతిలో సెకనుకు 30 ఫ్రేములతో తీశారు. ఆ తర్వాత డగ్లస్ ట్రంబుల్ షోస్కాన్ పేరుతో 60 ఫ్రేముల పద్ధతిని రూపొందించారు. పెద్ద ఎత్తున హాళ్లలోకి వచ్చింది మాత్రం 2012 డిసెంబరులో, పీటర్ జాక్సన్ తీసిన ‘ది హాబిట్: యాన్ అన్‌ఎక్స్‌పెక్టెడ్ జర్నీ’తో. అది మొత్తం 48 ఫ్రేములు. ఆంగ్ లీ 2016లో ‘బిల్లీ లిన్స్ లాంగ్ హాఫ్‌టైమ్ వాక్’ను, 2019లో ‘జెమినీ మ్యాన్’ను ఏకంగా 120 ఫ్రేములతో తీశారు. వాటిని ఉన్నదున్నట్టు వేయగలిగిన హాళ్లు ప్రపంచంలోనే చాలా తక్కువ.

కామెరాన్ ఎంచుకున్న దారి వేరు. ఎగరడం, ఈదడం, పోరాటం లాంటి చోట్ల 48, కూర్చుని మాట్లాడుకునే చోట 24. సినిమా ఫైలు మొత్తం 48గానే ఉంటుంది, 24 కావాల్సిన చోట ఒక్కో ఫ్రేమును రెండుసార్లు పెడతారు. 2022 సెప్టెంబరులో మళ్లీ విడుదల చేసిన మొదటి ‘అవతార్’లో కొన్ని దృశ్యాలకూ, 2025 డిసెంబరులో వచ్చిన ‘అవతార్: ఫైర్ అండ్ యాష్’కూ ఇదే పద్ధతి పాటించారు. మొదటిసారి చూసేవాళ్లకు నా సలహా ఇలాంటి కలగలుపు సినిమాయే. ఒకే ఆటలో రెండు వేగాలూ కనిపిస్తాయి, కన్ను తనంతట తానే పోల్చుకుంటుంది.

నాలుగో అడుగు: హాలును అడగండి

ఫలానా హాల్లో ఉంది అని ఇక్కడ పేర్లు రాస్తే వచ్చే సినిమాకు ఆ మాట చెల్లకపోవచ్చు. పరికరాలు మారతాయి, కాపీలు మారతాయి. అడిగే పద్ధతి తెలిస్తే రాజమహేంద్రవరంలోనైనా కాకినాడలోనైనా, ఇంకా దూరం వెళ్లి విశాఖపట్నంలోనైనా విజయవాడలోనైనా పనికొస్తుంది.

మొదట టికెట్ల యాప్‌లో ఆట పక్కన హెచ్‌ఎఫ్‌ఆర్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఆశ వదులుకోవద్దు, ఉన్నా అక్కడితో ఆగవద్దు. హాలుకు ఫోను చేయండి. టికెట్ కౌంటర్లో ఉన్నవారికి ఇది తెలియకపోవడంలో తప్పేమీ లేదు. మేనేజరునో ప్రొజెక్టర్ ఆపరేటరునో అడగాలి. ప్రశ్నను సూటిగా, మర్యాదగా ఇలా వేయండి: ‘అన్నా, మీకు వచ్చిన కాపీ 24దా, 48దా? సర్వర్లో సినిమా పేరు చూసి చెబుతారా?’ హాలుకు అందే డిజిటల్ కాపీకి ఒక పొడవాటి పేరు ఉంటుంది. భాష, తెర ఆకారం, ధ్వని రకం అన్నీ అందులోనే సంక్షిప్తంగా రాసి ఉంటాయి. హై ఫ్రేమ్ రేట్ కాపీ అయితే ఆ పేరులో 3డీతో పాటు 48 అన్న అంకె కనిపిస్తుంది. తన పని గురించి తెలిసి అడిగిన ప్రేక్షకుడికి ఆపరేటర్లు ఇష్టంగా జవాబు చెబుతారు.

కొన్ని హాళ్లలో ఇది ఎందుకు కుదరదో కూడా తెలిసి ఉంటే మంచిది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2002లో పెట్టుకున్న డీసీఐ (డిజిటల్ సినిమా ఇనిషియేటివ్స్) అనే సంస్థ 2005లో డిజిటల్ సినిమాకు ప్రమాణాలు ప్రకటించింది. తమ సినిమాలు ఆ ప్రమాణం ఉన్న పరికరాల్లోనే ఆడాలన్నది ఆ స్టూడియోల పట్టు. మన చిన్న పట్టణాల్లో రీళ్లు పోయినప్పుడు చాలా హాళ్లు తక్కువ ఖర్చుతో వచ్చే, ఆ ప్రమాణం లేని ఈ-సినిమా పరికరాలు పెట్టుకున్నాయి. తెలుగు సినిమాలకు అవి చక్కగా సరిపోయాయి. ఇక డీసీఐ పరికరాలు ఉన్న హాళ్లలోనూ మరో మెలిక ఉంది. 3డీలో రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు కావాలి, కాబట్టి 48 ఫ్రేముల 3డీ అంటే సెకనుకు 96 బొమ్మలు. పాత ఏర్పాటులో సర్వరు నుంచి ప్రొజెక్టరుకు తీగల మీదుగా అంత సమాచారం పోయేది కాదు. ప్రొజెక్టర్ లోపలే అమర్చే ఇంటిగ్రేటెడ్ మీడియా బ్లాక్ (ఐఎంబీ) అనే పరికరం ఉంటేనే అది సాధ్యం. ఆపరేటరును అడగాల్సిన రెండో ప్రశ్న ఇదే: ఐఎంబీ ఉందా?

వేళల సంగతి కూడా చూసుకోండి. ‘ది వే ఆఫ్ వాటర్’ నిడివి 192 నిమిషాలు, ఇంటర్వెల్ దీనికి అదనం. సఖినేటిపల్లి నుంచి నరసాపురం రేవు దాటి వెళ్లేవాళ్లు ఆఖరి పంటు వేళ కనుక్కున్నాకే ఆట ఎంచుకోవాలి. పిల్లలతో వెళ్తే మార్నింగ్ షో మేలు. అలసిన కళ్లతో సెకండ్ షోలో కూర్చుంటే ఫ్రేములెన్ని ఉన్నా లాభం లేదు.

ఐదో అడుగు: సీటు

బాల్కనీ చివరి వరుస గౌరవం అనుకునే అలవాటు మనది. ఈ సినిమాలకు మాత్రం కాస్త ముందుకు రండి. తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరం మామూలు సినిమాకు హాయిగా ఉంటుంది, 40 అడుగుల తెరకు 60 అడుగులు. 24 ఫ్రేముల సినిమాను అంతకన్నా దగ్గరగా చూస్తే గెంతు పెద్దదై ఇబ్బంది పెడుతుంది. 48లో గెంతు సగమైంది కాబట్టి తెర వెడల్పుకు సమానమైన దూరం దాకా వెళ్లవచ్చు. తెర చూపంతా ఆక్రమిస్తుంది, నీళ్లలో మునిగిన దృశ్యం అక్కడి నుంచే చూడాలి.

అడ్డంగా మాత్రం నట్టనడుమ కూర్చోండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఇచ్చే హాళ్లలో తెరకు వెండి పూత ఉంటుంది. అది వెలుగును ఎదురుగా ఎక్కువగా, పక్కలకు తక్కువగా పంపుతుంది. మూల సీటు నుంచి చూస్తే తెరలో ఒక పక్క మసకబారుతుంది.

ఆరో అడుగు: కళ్లద్దాలు, వెలుగు

మెత్తని నూలు గుడ్డ ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. హాల్లో ఇచ్చే 3డీ కళ్లద్దాల మీద వేలిముద్రలు ఉంటే 48 ఫ్రేముల స్పష్టత అక్కడే పోతుంది. చూపు కళ్లజోడు ఉన్నవారు దాని మీదే పెట్టుకోండి, జోడు తీసేయవద్దు. తలను పక్కవారి భుజం మీద వాల్చి చూస్తే రెండు కళ్ల బొమ్మలు పైకీ కిందికీ విడిపోయి తలనొప్పి వస్తుంది.

2డీ సినిమాకు తెర మీద 14 ఫుట్-లాంబర్టుల వెలుగు ఉండాలన్నది ప్రమాణం. 3డీలో కళ్లద్దాలు చాలా వెలుగును మింగేయడంతో తరచుగా అందులో మూడో వంతు కూడా మిగలదు. దీపం పాతబడితే ఇంకా తగ్గుతుంది. రాత్రి దృశ్యంలో ముఖాలు పోల్చుకోలేనంత చీకటిగా ఉంటే ఇంటర్వెల్లో మేనేజరుకు చెప్పండి. డబ్బు పెట్టి కొన్న టికెట్టు అది, అడగడానికి మొహమాటపడవద్దు.

ఏడో అడుగు: మొదటి అరగంట

మొదటి పది నిమిషాల్లో చాలామంది అనే మాట ఒకటే: ‘ఇది సీరియల్‌లా ఉంది’. ఆ మాటకు కారణముంది. మన టీవీ ప్రసారం సెకనుకు 50 ఫీల్డుల, అంటే 50 సగం బొమ్మల, లెక్కన నడిచింది. క్రికెట్, వార్తలు, సీరియళ్లు అన్నీ నునుపైన కదలికతో ఇంట్లోకి వచ్చాయి. సినిమా ఒక్కటే 24 మసకతో వచ్చింది. నునుపు కనిపిస్తే టీవీ, మసక ఉంటే సినిమా అని కన్ను దశాబ్దాలుగా నేర్చుకుంది. దీనికి తోడు ‘హాబిట్’లో ఒక్కో ఫ్రేమును సెకనులో 64వ వంతు మాత్రమే తెరిచి ఉంచారు. మసక తగ్గి, అతికించిన గడ్డం, రంగు వేసిన బండరాయి కూడా తెలిసిపోయాయని అప్పట్లో విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయముంది. సెట్టూ మేకప్పూ 48కు తగినట్టు తయారుకాకపోతే ఈ పద్ధతి వాటిని క్షమించదు.

అయినా అరగంట ఆగండి. తీర్పు చెప్పాలన్న ఆత్రం పక్కన పెట్టి, కదిలే వస్తువును చూపుతో వెంబడించండి. బస్సు కిటికీలోంచి కొబ్బరి మానును పట్టుకున్నట్టే. ఎగిరే జీవి రెక్క కొసను, నీటిపై లేచిన తుంపరను, పరుగెత్తేవారి పాదాన్ని చూడండి. చూపు జారకుండా నిలిస్తే మీరు 48ను చూస్తున్నారు. 3డీలో ఈ మేలు రెట్టింపు. రెండు కళ్ల బొమ్మలను మెదడు కలపాలంటే అంచులు విరగకుండా ఉండాలి. 24లో వేగంగా కదిలే వస్తువు అంచులు విరుగుతాయి, అందుకే పోరాట దృశ్యాల్లో చాలామందికి కళ్లు లాగుతాయి. 3డీ తమకు పడదని ఏళ్ల క్రితమే మానేసిన పెద్దవాళ్లను ఇలాంటి ఆటకు ఒకసారి తీసుకెళ్లమని అందుకే చెబుతాను.

కామెరాన్ సినిమాల్లో వేగం మారే క్షణం కొందరికి తగులుతుంది. ఈత దృశ్యం నుంచి మాటల దృశ్యానికి రాగానే ఆట ఒక్కసారి తడబడినట్టు ఉంటుంది. హాలు తప్పు కాదు, ఆపరేటరును తిట్టవద్దు. నాకైతే ఆ మార్పు కన్నా మొత్తం 48గా ఉన్న సినిమాయే హాయి. కలగలుపు ఇష్టపడేవాళ్లు కూడా ఉన్నారు. రెండూ చూశాక మీ కన్ను ఏ పక్షమో మీకే తెలుస్తుంది.

ఇంటి టీవీ సంగతి

ఇంట్లో టీవీలు 24 ఫ్రేముల సినిమాకు మధ్యలో లేని బొమ్మలను కల్పించి నునుపు చేస్తాయి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అన్న పేర్లతో ఆ అమరిక ఉంటుంది. దాన్ని చూసి హై ఫ్రేమ్ రేట్ ఇలా ఉంటుందని అనుకోవద్దు. కెమెరా తీసిన బొమ్మ వేరు, యంత్రం ఊహించిన బొమ్మ వేరు. వేగంగా కదిలే చేతి చుట్టూ నీడలాంటి చెదురు కనిపిస్తే అది యంత్రం ఊహ. సినిమాలు చూసేటప్పుడు ఆ అమరిక ఆపేయండి, క్రికెట్‌కు కావాలంటే ఉంచుకోండి.

మీ హాలుకు 48 కాపీ రావాలంటే

ఆట నచ్చితే బయటకు వచ్చేటప్పుడు మేనేజరుతో ఆ మాట చెప్పండి. పరికరాలు ఉండి కూడా 24 కాపీ వేసుకున్న హాలైతే, వచ్చే సినిమా విడుదలకు ముందే వెళ్లి నలుగురు కలిసి అడగండి. విడుదలయ్యాక అడిగితే కష్టం. ప్రతి కాపీకీ ఒక డిజిటల్ తాళం ఉంటుంది. అది ఆ హాలు సర్వరుకే, నిర్ణీత తేదీలకే తెరుచుకునేలా తయారుచేసి పంపుతారు. 24 కాపీకి ఇచ్చిన తాళంతో 48 కాపీ తెరుచుకోదు. హాలువారు డిస్ట్రిబ్యూటరును అడిగి, కాపీతో పాటు కొత్త తాళం కూడా తెప్పించుకోవాలి.